భీమిలిలో సైకిల్ ఎక్కండి

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది విజయనగరం. ఇంట్లో మా ఆయన, నేను, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, రెండో తరగతి బాబు, మా మావయ్యగారు ఉంటాం. అమ్మాయికి సైకిల్ కొత్త కాదు, రోజూ స్కూలుకి దాని మీదే వెళ్తుంది. బాబుకి మాత్రం మొన్న దసరా సెలవుల్లోనే పక్క చక్రాలు తీసేశాం. సంక్రాంతి సెలవుల్లో అందరం సైకిళ్ల మీద విశాఖ బీచ్ రోడ్డు చూసి రావాలని మా ఆయన పట్టుదల. తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి, భీమిలి దాకా వెళ్లి, మధ్యాహ్నానికల్లా వెనక్కి వచ్చేద్దాం అంటారు. రానూ పోనూ 50 కిలోమీటర్లు! నాకు ఇప్పటినుంచే టెన్షన్. బాబు అంత దూరం తొక్కగలడా? ఇంట్లో కారు పెట్టుకుని ఈ పాట్లెందుకని మావయ్యగారు గొడవ. అమ్మాయేమో పాఠంలో బౌద్ధ స్తూపాల గురించి చదివి, తొట్లకొండ చూపించమంటుంది. వెళ్లమంటారా, మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వెళ్లండమ్మా, తప్పకుండా వెళ్లండి. అయితే ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టకండి. వెళ్లి రావాలనీ పెట్టుకోకండి. భీమిలిలో సైకిల్ ఎక్కండి, రుషికొండ దగ్గర దిగండి. ఒకవైపే, దాదాపు 16 కిలోమీటర్లు. మీ బాబు వయసు పిల్లాడికి ఆగుతూ ఆగుతూ వెళ్తే అది సరిపోయే దూరం. సరిపోకపోతే మధ్యలో ఆపేయడానికి కూడా వీలుంటుంది, అదెలాగో చెప్తాను.

నేను భీమిలిలో పుట్టాను. మా నాన్న తన సైకిల్ ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుని ఈ రోడ్డంతా తిప్పారు. అప్పటికిది సన్నటి రోడ్డు, రెండు వైపులా సరుగుడు తోటలు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా సోషల్ టీచర్‌గా పనిచేశాను. ఎన్ని బ్యాచ్‌ల పిల్లల్ని తీసుకెళ్లానో లెక్క లేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, ఈ దారిని భీమిలి వైపు నుంచే మొదలుపెట్టాలి.

ఎందుకంటే, మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్లాలి కదా. విశాఖ నుంచి భీమిలికి వెళ్తుంటే సముద్రం కుడి చేతి వైపు, రోడ్డుకి అవతల ఉంటుంది. దానికీ మీకూ మధ్యలో కార్లూ బస్సులూ. పిల్లాడు నీళ్లు చూసినప్పుడల్లా మెడ అటే తిప్పుతాడు, హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది. అదే భీమిలి నుంచి వస్తే సముద్రం మీ ఎడమ మోచేతి పక్కనే ఉంటుంది. బీచ్‌లోకి దిగాలన్నా రోడ్డు దాటక్కర్లేదు. పైగా శీతాకాలంలో ఈశాన్యం నుంచి వచ్చే గాలి మీ వీపు మీద ఉంటుంది. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. నైరుతి గాలి ఎదురు కొడుతుంది, అప్పుడు ఇదే దారి పెద్దవాళ్లకు కూడా కష్టమవుతుంది.

ఇంకో సంగతి. మీది విజయనగరం. తగరపువలస, చిట్టివలస మీదుగా భీమిలి మీకు దగ్గర. అంత పొద్దున్నే విశాఖ దాకా ఎందుకు వెళ్లాలి? నగరం వైపున ఆర్కే బీచ్ నుంచి జోడుగుళ్లపాలెం దాకా రద్దీ ఎక్కువ. తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు కూడా ఉంది. ఆ ముక్కని సైకిల్ మీద వదిలేసినా మీకు పోయేది ఏమీ లేదు, సాయంత్రం కారులో చూడొచ్చు.

కారు అన్నాను కదా, మీ మావయ్యగారికి ఈ ప్రయాణంలో పెద్ద పనే ఉంది. ఆయన్ని ఒప్పించాలని చూడకండి, సాయం అడగండి. ఆయన కారు తీసుకుని ముందు వెళ్లి, మొదట ఎర్రమట్టి దిబ్బల దగ్గర, తర్వాత మంగమారిపేట దగ్గర, ఆఖరికి రుషికొండ దగ్గర మీకోసం ఆగాలి. మంచినీళ్లు, అరటిపళ్లు, మందుల పెట్టె, పిల్లల పొడి బట్టలు ఆయన దగ్గరే ఉంటాయి. బాబు అలిసిపోతే ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. సైకిళ్లని భీమిలికి చేర్చడానికీ, రుషికొండ నుంచి ఇంటికి తేవడానికీ ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. మధ్యలో తొట్లకొండ కింద కూడా అది మీకోసం ఆగాలి. సైకిళ్ల మధ్య పాత దుప్పట్లు పెట్టి తాడు కట్టండి, లేకపోతే గేరు తీగలు పట్టుకుపోతాయి.

రోజు గురించి ఒక మాట. భోగి, సంక్రాంతి, కనుమ – ఈ మూడు రోజులూ వద్దు. కనుమ నాడు భీమిలి బీచ్‌లో ఇసుక వేస్తే రాలదు. ఆదివారం కూడా వద్దు. పండక్కి ముందు సెలవుల్లో ఏదో ఒక మామూలు రోజు చూసుకోండి. జనవరిలో ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా పొద్దు పొడుస్తుంది. ఆ సమయానికి మీరు భీమిలి ఒడ్డున ఉంటే చాలు. వెలుగు రాకముందు చిన్నపిల్లాడిని రోడ్డు ఎక్కించకండి.

ఇక భీమిలి. సైకిల్ ఎక్కేలోపు ఊళ్లో ఒక గంట గడపండి. భీముడి పేరు మీద భీమునిపట్నం అయిందని మా అమ్మమ్మ చెప్పేది. కొండ మీద నరసింహస్వామి గుడి, అదే కొండ మీద పావురాలకొండ బౌద్ధ శిథిలాలు. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. అరకు దారిలో బొర్రా గుహలు చూశారు కదా, ఆ నీళ్లే ఇవి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడికి వ్యాపారానికి వచ్చారు. మన నేత బట్టల కోసం వచ్చి, కోట కట్టుకుని, ఇక్కడే సంసారాలు పెట్టుకుని, చాలామంది ఇక్కడే చనిపోయారు. 1824లో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం జరిగాక, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. 1861లోనే భీమిలి మునిసిపాలిటీ అయింది. దేశంలోని చాలా పెద్ద ఊళ్లకి అప్పటికి ఆ హోదా లేదు.

ఇదంతా పిల్లలకి చెప్పక్కర్లేదు. డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి తీసుకెళ్లండి చాలు. మా నాన్న నన్ను తీసుకెళ్లినప్పుడు నాకు ఆరేళ్లో ఏడేళ్లో. ఒక పలక మీద అక్షరాలు లోతుగా చెక్కి ఉన్నాయి. నాన్న నా చూపుడువేలు పట్టుకుని ఆ గాడిలో పెట్టి, ఒక్కో అక్షరం మీదుగా నడిపించారు. రాయి చల్లగా ఉంది. గాడి అడుగున సన్నటి ఇసుక, దాంట్లో ఒక చీమ. ఏం రాసుందో నాన్నకీ తెలీదు, డచ్చి భాష కదా. 'ఎవరో తల్లి తన బిడ్డ కోసం రాయించి ఉంటుందమ్మా, ఇంత శ్రద్ధగా ఉంది' అన్నారు. అది నిజమో కాదో నాకు తెలీదు. కానీ చరిత్ర అంటే రాజుల సంగతే కాదని ఆ రోజే నాకు మొదటిసారి తెలిసింది. తర్వాత నా విద్యార్థులందరి చేతా అలాగే వేలు పెట్టించాను. మీ బాబు చేత కూడా పెట్టించండి. ఆ రాళ్ల మీద పేర్లు గీకడం, ఎక్కి ఫొటోలు దిగడం మాత్రం చేయనివ్వకండి. ఉన్నవే కొన్ని మిగిలాయి.

టిఫిన్ తేలిగ్గా ఉండాలి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. పూరీలు తిని సైకిల్ ఎక్కిన పిల్లాడు రెండు కిలోమీటర్లకే కడుపు పట్టుకుంటాడు. దారిలో తేగలు అమ్ముతుంటే కొనండి, ఇది వాటి కాలమే.

ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది కూడా చెప్పాలి. మీరు ముందు ఉండండి, మీ వెనక బాబు, తర్వాత అమ్మాయి, చివర మీ ఆయన. మీ ఆయన ముందుంటే తెలియకుండానే వేగం పెరుగుతుంది, ఏ నాన్నా దీనికి మినహాయింపు కాదు. ఒక చిన్న లెక్క చూపించండి ఆయనకి. ఆయనది 26 అంగుళాల చక్రం, బాబుది 20 అనుకుందాం. ఆయన చక్రం పది చుట్లు తిరిగేలోపు బాబుది పదమూడు చుట్లు తిరగాలి. పైగా బాబు సైకిల్‌కి గేర్లు ఉండవు. వాడు వెనకబడితే బద్ధకం అనుకోకూడదు. వాడి వేగమే అందరి వేగం. గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్తే అదే ఎక్కువ. నాలుగైదు గంటల పొద్దు ఉంది మీకు, తొందరేం లేదు.

రోడ్డు అంచున గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పల్చగా పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి కనిపించదు. దాని మీద ముందు బ్రేకు నొక్కితే చక్రం పక్కకి జారుతుంది. వెనక బ్రేకు వాడమని బాబుకి ఇంటి దగ్గరే, వీధిలో ఇసుక పోసి నేర్పండి. జాలరి పల్లెల దగ్గర రోడ్డు వారన వలలు, ఎండబెట్టిన చేపలు ఉంటాయి. అది వాళ్ల కూడు. చక్రం వాటి మీదకి పోకుండా దిగి నడిపించుకుని వెళ్లండి. వల అల్లుతున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే పలకరించండి, 'ఏం పడ్డాయి బాబూ ఇవాళ' అని. వంజరం, కానాగంతలు, నెత్తళ్లు ఏది ఏదో పిల్లలకి ఆయనే చూపిస్తాడు.

నాలుగు కిలోమీటర్లు దాటాక ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. సినిమా పాటల్లో చూసే ఉంటారు. సముద్రం పక్కన తెల్లగా ఉండాల్సిన ఇసుక ఇక్కడ పసుపూ కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంటుంది. వేల ఏళ్ల కిందట భూమి మీద మంచుయుగం నడుస్తున్నప్పుడు సముద్రం ఇప్పటికంటే చాలా దూరం వెనక్కి వెళ్లింది. బయటపడిన ఇసుకని గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ రేణువుల మీద ఇనుము తుప్పు పొర కట్టి ఎర్రబడింది. తర్వాత వానలు దాన్ని కోసి కోసి ఈ లోయల్ని చేశాయి. దక్షిణాసియాలో ఇలాంటివి ఇంకా తమిళనాడులో ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి, అంతే. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి వీటి పేరు కూడా ఎక్కింది.

దయచేసి సైకిళ్లని దిబ్బల్లోకి దింపకండి. పిల్లలకి భలే సరదా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఒక్క చక్రం గాడి పడితే వచ్చే వానకి ఆ గాడిలోంచే నీళ్లు దిగి, ఇంకో ముక్క కూలుతుంది. నా కళ్ల ముందే ఈ దిబ్బలు ఎంత తగ్గిపోయాయో చూస్తున్నాను. ఇప్పటికీ అటు వెళ్లినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. సైకిళ్లు మావయ్యగారి కారు దగ్గర పెట్టి, చెప్పులు విడిచి నడవండి. ఇసుక సీసాలో నింపుకుని ఇంటికి తెచ్చుకోవద్దని పిల్లలకి ముందే చెప్పండి.

అక్కడి నుంచి కాస్త ముందుకొస్తే నేవీవాళ్ల స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ. ఆ గోడ పొడుగునా ఫోన్లు లోపల పెట్టేయండి, ఫొటోలు తీయకూడదు.

తర్వాత మంగమారిపేట. ఇక్కడ నీళ్లు వెనక్కి తీసిన వేళ ఒడ్డున రాతి తోరణం ఒకటి కనిపిస్తుంది, అల తొలిచిన రాయి. సముద్రం పోటు మీద ఉంటే దగ్గరికి వెళ్లకండి. అసలు ఈ తీరంలో ఎక్కడా పిల్లల్ని మోకాలు దాటి నీళ్లలోకి దింపొద్దు. పైకి ప్రశాంతంగానే ఉంటుంది, అడుగున లాగేస్తుంది. ఈత వచ్చిన కాలేజీ పిల్లలే ఏటా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఈ విషయంలో మాత్రం పిల్లలు ఏడ్చినా సరే మెత్తబడకండి.

తొట్లకొండకి ఎక్కే దారి ఇక్కడే, రోడ్డుకి అవతల, కుడి వైపు. సైకిల్ దిగి, బాబు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటండి. ఇప్పుడు నేను చెప్పేది మీ ఆయనకి కూడా చదివి వినిపించండి. కొండ మీదకి సైకిళ్లు వద్దు. ఎక్కడం కష్టమని కాదు, దిగడం ప్రమాదం.

మా అబ్బాయికి పదకొండేళ్లప్పుడు ఇదే కొండకి తీసుకొచ్చాను. వాడి సైకిల్ రిపేర్‌లో ఉంటే ఒక షాపులో అద్దెకి తీసుకున్నాం. బ్రేకులు నొక్కి చూశాను, బాగానే పట్టాయి. తీగ లోపల నాలుగు పోగులు తెగి రెండే మిగిలాయన్న సంగతి పైకి తెలియలేదు. దిగేటప్పుడు రెండో మలుపు దగ్గర అది టప్పుమని తెగింది. నేను వాడి వెనక ఇరవై గజాల్లో ఉన్నాను. 'అమ్మా' అన్న కేక వినిపించింది, వాడు కనిపించలేదు. మలుపు తిరిగేసరికి కంకర మీద పడి ఉన్నాడు, గడ్డం చీలి రక్తం చొక్కా మీదకి కారుతోంది. పుల్లలు ఏరుకుంటున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చి తన కొంగు చింపి కట్టింది. ఐదు కుట్లు పడ్డాయి. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. గడ్డం గీసుకున్నప్పుడల్లా ఆ గీత కనిపిస్తుంది, ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. అప్పటినుంచి ప్రతి సైకిల్‌కీ బ్రేకు తీగని రెండు చివరలా వెలుగులో పెట్టి, పోగులు లెక్కపెట్టి చూస్తాను. మీరూ చూడండి. అనుమానం వస్తే కొత్త తీగ వేయించండి, దాని ఖరీదు ఎంతని.

కాబట్టి సైకిళ్లు కింద ట్రాలీ ఆటో దగ్గర వదిలి, ఐదుగురూ కారులో కొండ ఎక్కండి. మీ అమ్మాయి కోసం ఈ నాలుగు మాటలు. ఈ చోటు 1976 దాకా లోకానికి తెలియదు. నేవీవాళ్లు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే కొండ మీద శిథిలాలు కనబడ్డాయి. 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం బయటపడింది: స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల, అందరూ కూర్చునే మండపం. శాతవాహనుల సీసం నాణేలు తొమ్మిది, రోమన్ వెండి నాణేలు ఐదు దొరికాయి. కింద సముద్రంలో ఓడలు, పైన కొండ మీద రోమ్ వెండి. ఈ తీరానికి ఎంత దూరం నుంచి జనం వచ్చేవారో మీ అమ్మాయే చెప్పేస్తుంది.

తొట్లకొండ అన్న పేరు ఎలా వచ్చిందో మాత్రం బాబునే కనిపెట్టమనండి. కొండరాయినే తొలిచి చేసిన నీళ్ల తొట్లు ఉన్నాయక్కడ. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున, కింద కంటికి ఆననంత నీళ్లు, తాగడానికి మాత్రం గుక్కెడు లేవు. వాన నీళ్లు పట్టుకుని ఏడాది పొడుగునా దాచుకునేవారు. పది కిలోమీటర్లు సైకిల్ తొక్కి గొంతెండిన పిల్లాడు సీసా మూత తీస్తూ ఆ తొట్టిని చూస్తే, వాడికి ఇంక పాఠం చెప్పక్కర్లేదు. నేను పిల్లల్ని తెచ్చినప్పుడు ముందు తొట్టి దగ్గర నిలబెట్టి, తర్వాతే నీళ్లు తాగనిచ్చేదాన్ని. మహాస్తూపం 2019 వానలకి కొంత కూలితే మళ్లీ నిలబెట్టారు. దాని మీదకి ఎక్కనివ్వకండి. పక్కనే ఇంకో కొండ, బావికొండ. అక్కడా బౌద్ధ ఆరామమే, అక్కడ బావులు. ఒక్క రోజులో రెండూ పెట్టుకోవద్దు, పిల్లలకి మొహం మొత్తుతుంది.

కొండ దిగేసరికి పది దాటుతుంది. ఇక్కడ బాబు మొహం చూడండి. బుగ్గలు ఎర్రగా ఉండి కబుర్లు చెప్తుంటే ఇంకో ఆరేడు కిలోమీటర్లు తొక్కగలడు. మాట్లాడటం మానేసి, అడిగినదానికి తలూపుతుంటే వాడి పని అయిపోయినట్టే. వాడిని తాతగారి పక్కన కూర్చోబెట్టండి, మిగతా ముగ్గురూ తొక్కండి. 'నువ్వు పది కిలోమీటర్లు తొక్కావురా' అని చెప్పండి. ఆ మాట వాడు బడిలో నెల రోజులు చెప్పుకుంటాడు. రుషికొండ దగ్గర చిన్న ఎక్కుడు ఉంటుంది, దిగి నెట్టుకుని వెళ్లడంలో ఏ తప్పూ లేదు.

రుషికొండలో సైకిళ్లు ఆటో ఎక్కించేసి, భోజనం చేసి, ఓపిక ఉంటే కారులో ఆర్కే బీచ్‌కి వెళ్లి కురుసుర జలాంతర్గామి చూపించండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. సోమవారం సెలవు, అది చూసుకుని రోజు ఎంచుకోండి. మీ మావయ్యగారి వయసువాళ్లకి 1971 బాగా గుర్తుంటుంది. దీపాలు ఆర్పేసుకుని కూర్చున్న ఆ రాత్రుల గురించి ఆయన్నే చెప్పమనండి.

ప్రశ్న: బీచ్ రోడ్డులో నాలుగుసార్లు తొక్కేసరికి మా బాబు కొత్త సైకిల్ చైన్ ఎర్రగా తుప్పు పట్టింది. కొబ్బరినూనె రాస్తున్నాం. లాభం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొబ్బరినూనె ఆపేయండి. చలికాలంలో గడ్డకట్టి, దానికి ఇసుక అంటుకుని, చైన్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది. ఉప్పు గాలిలో తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక చెంబు మంచినీళ్లతో చైను, పళ్ల చక్రం, బ్రేకు తీగల చివరలు కడగండి. పైపుతో గట్టిగా కొట్టకండి, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. పాత బనీను గుడ్డతో పొడిగా తుడిచి, కాసేపు నీడలో ఆరనిచ్చి, చైన్ నూనె ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేయండి. పెడల్ వెనక్కి ఇరవైసార్లు తిప్పి, పైకి కనిపించే నూనె అంతా తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, పైన ఉంటే ఇసుకని పిలుస్తుంది. చైన్ నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె తాత్కాలికంగా పనికొస్తుంది. తడి ఇసుకలో, అలల అంచున తొక్కనివ్వకండి. అక్కడ ఒక్కసారి తొక్కితే ఈ శ్రమంతా వృథా.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు 41 ఏళ్లు. మా ఇంట్లో నాకు తప్ప అందరికీ సైకిల్ వచ్చు. చిన్నప్పుడు ఆడపిల్లవి, నీకెందుకని నేర్పలేదు. ఆదివారాలు వాళ్లంతా సైకిళ్ల మీద సముద్రం దాకా వెళ్లొస్తుంటే నేను ఇంట్లో టిఫిన్ చేసి పెడుతున్నాను. ఈ వయసులో నేర్చుకోవచ్చా? పడితే నలుగురూ నవ్వుతారని భయం.
– ఒక గృహిణి, అనకాపల్లి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. నేర్చుకోవచ్చు. 41 ఏమీ పెద్ద వయసు కాదు. నా దగ్గర మా స్కూల్ ఆయా యాభై దాటాక నేర్చుకుంది, ఇప్పుడు మార్కెట్‌కి సైకిల్ మీదే వెళ్తుంది.

మీ అమ్మాయి సైకిల్ తీసుకోండి, ముందు కడ్డీ కిందకి ఉండేది. సీటు బాగా దించండి, కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. రెండు పెడళ్లూ విప్పించేయండి. అవును, విప్పించేయండి. నేర్చుకునేవాళ్లకి కాళ్లకి అడ్డం వచ్చేవి, పిక్కకి తగిలేవి అవే. చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, తెల్లవారగానే ఏదైనా స్కూల్ మైదానానికి వెళ్లండి. కూర్చుని కాళ్లతో నేలని తంతూ నడవండి, అంతే. వెనక ఎవరూ పట్టుకోవద్దు, పట్టుకుంటే ఒళ్లు వాళ్ల మీద ఆనుకుంటుంది. మూడు నాలుగు రోజుల్లో ఒక్కో తన్నుకి సైకిల్ నాలుగైదు గజాలు దానంతట అదే వెళ్తుంది, కాళ్లు గాల్లో ఉంటాయి. ఆ రోజు పెడళ్లు మళ్లీ బిగించండి. చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉన్న చెట్టు మీద పెట్టండి.

ఇలా నేర్చుకుంటే పాదాలు ఎప్పుడూ నేలకి అందుబాటులో ఉంటాయి, పడేది తక్కువ. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, ఆదివారం టిఫిన్ ఇక బయటే అని. సంకోచించకండి.

పెడళ్లు సైకిల్ షాపులో ఐదు నిమిషాల్లో విప్పి ఇస్తారు. మీ ఆయనే విప్పుతానంటే ఒక్క సంగతి చెప్పండి, ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే అది ఊడుతుంది.